ఏరు దాటితే ఫ్రాన్సు

ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళందరం చేసే పని ఒకటుంది. లాంగ్ వీకెండ్ దొరికితే చాలు, చరిత్ర ఉన్న పట్నం ఒకటి పట్టుకుని దాన్ని ఒక్క రోజులో 'కవర్' చేసి పారెయ్యడం. పొద్దున్న చర్చి, తరవాత కోట, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం టవరు. మధ్యలో ఎక్కడో ఇండియన్ రెస్టారెంటు వెతుక్కుని పప్పన్నం. నేనూ చేశాను. ఆ ఫొటోలన్నీ ఓ హార్డ్‌డిస్కులో భద్రంగా ఉన్నాయి, మళ్ళీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటి ఒక్కరోజు తిరుగుడే. కాకపోతే ఈ విదేశీ పట్నానికి వీసా అక్కర్లేదు. అమలాపురంలో కాఫీ తాగి కారెక్కితే గంటా గంటంబావులో దిగబెడుతుంది.

యానాం సంగతని గోదావరి వాళ్ళు ఈపాటికి పసిగట్టేసే ఉంటారు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. గౌతమి గోదావరికి ఇవతల గట్టు మా కోనసీమ. అవతల గట్టు మీద, కోరంగి పాయ విడిపోయే చోట యానాం. 2011 లెక్కల్లో జనాభా 55 వేల పైచిలుకు. మాట్లాడేది తెలుగు, తినేది గోదావరి తిండి, పరిపాలన మాత్రం 800 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి. 1954 దాకా అది ఫ్రాన్సు. కాగితాల మీదైతే 1962 ఆగస్టు 16 దాకా. అంటే ఎదుర్లంక రేవులో నిలబడి చూస్తే కనిపించే ఆ కొబ్బరిచెట్లు మా తాతగారి కాలంలో పరాయి దేశపు కొబ్బరిచెట్లు.

ఆగస్టు పదిహేనుకి ఊరెళ్ళినప్పుడు ఆ మర్నాడు బయల్దేరాం. నేను, మా బావ, మా చెల్లెలు, వాళ్ళమ్మాయి. మేనకోడలికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. పదహారో తేదీనే ఎందుకంటే ఆ రోజు యానాంలో సెలవు. 'డీ జ్యూర్ డే' అంటారు, చట్టరీత్యా ఇండియాలో కలిసిన రోజు. పదిహేనున ఓసారి జెండా, పదహారున మళ్ళీ జెండా. నవంబరు ఒకటిన ఇంకోసారి, అది అధికారం నిజంగా చేతులు మారిన రోజు. ఒకే స్వాతంత్ర్యానికి ఇన్ని రిలీజు డేట్లున్న ఊరు మన పక్కనే ఉందని మనలో చాలామందికి తెలీదు :)

ముమ్మిడివరం దాటాక మురమళ్ళ వస్తుంది. వీరేశ్వరస్వామి గుడి, నిత్యకల్యాణం. పెళ్ళి కుదరని వాళ్ళు ఇక్కడ స్వామికి కల్యాణం చేయిస్తే కుదురుతుందని నమ్మకం. గుడి ముందు మా ఈడు వాళ్ళు, మా టీములో వాళ్ళలాగే ఉన్న వాళ్ళు, బెంగుళూరు బ్యాక్‌ప్యాకులతో సహా క్యూలో ఉన్నారు. ఈ పెళ్ళిళ్ళ ఊరికి ఎదురుగా ఏటికి అవతల ఇంకో పెళ్ళిళ్ళ ఊరు ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను.

ఎదుర్లంక దగ్గర వారధి. బాలయోగి గారి పేరు పెట్టారు. అమలాపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకరై, 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారాయన. ఈ వారధి రాకముందు పంటు మీద దాటేవాళ్ళం. బస్సు, లారీ, గేదె, పెళ్ళిబృందం అన్నీ ఒకే పంటు మీద. ఆగస్టు కాబట్టి ఏరు నిండుగా ఉంది, ఎర్రనీళ్ళు, మధ్యలో కొట్టుకుపోతున్న చెట్లు. వారధి మీద రెండు నిమిషాలు. మేనకోడలు "అయిపోయిందా మావయ్యా ఫారినొచ్చేసిందా?" అంది.

యానాంలో చూసేవి ముందు గబగబా చెప్పేస్తాను. గోదారి గట్టు మీద శివలింగానికి ఏనుగులు నీళ్ళు పోస్తున్నట్టు బొమ్మలు, ఏసుక్రీస్తు విగ్రహం, భారతమాత విగ్రహం. ఈఫిల్ టవరు వరసలో కట్టిన 100 మీటర్ల టవరు. అసలు ఈఫిల్ టవరు ముందు సెల్ఫీ దిగిన వాణ్ణి, దీని ముందు కూడా దిగాను. వెంకటేశ్వరస్వామి గుడి, ఇక్కడి స్వామికి మీసాలుంటాయి, అందుకే మీసాల వెంకన్న. కేథలిక్ చర్చి, పంతొమ్మిదో శతాబ్దానిది. ఫ్రెంచివాళ్ళు కట్టినవాటిలో ఇవాళ చూడ్డానికి మిగిలింది నిజానికి ఇంచుమించు ఇదే. పాండిచ్చేరిలోలాగా పసుపు గోడల వీధులు, ఫ్రెంచి కేఫులు ఉంటాయనుకుని వస్తే నిరాశే. తుఫాన్లు, వరదలు ఎన్ని ఊడ్చుకుపోయాయో. 1839 నవంబరు తుఫాను కోరంగి రేవుని, దాంతోపాటు యానాంని తుడిచిపెట్టేసింది. అన్నట్టు 'సైక్లోన్' అనే మాట పుట్టడంలో ఈ తీరం వాటా ఉంది. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో కూచుని బంగాళాఖాతం తుఫాన్ల మీద లెక్కలు కట్టి, 1848లో ఆ మాట తయారుచేశాడు. ఆయన పరిశీలించిన వాటిలో కోరంగి తుఫాన్లు ముఖ్యమైనవి.

అంటే యానాంలో చరిత్ర కళ్ళకి కనిపించదు. తెలుసుకుని వెళ్ళి ఊహించుకోవలసిందే.

ఫ్రెంచివాళ్ళు ఇక్కడ మొదట దిగింది 1723లో. లాభం లేదని 1727లో ఎత్తేశారు. 1731లో మళ్ళీ తెరిచారు. పైలట్ ప్రాజెక్టు, షట్‌డౌన్, రీస్టార్టు. మనకి కొత్తేం కాదు. వాళ్ళకి కావలసింది బట్ట. ఈ గట్టున నేతగాళ్ళు నేసే సన్నబట్టకి యూరపులో గిరాకీ. అందుకని తెల్లవాళ్ళందరూ గోదారి మూతుల దగ్గరే మూగారు. ఇంగ్లీషువాళ్ళ కొట్లు యానాం పక్కనే ఇంజరంలో, అమలాపురం దిగువన బండమూర్లంకలో, నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో. డచ్చివాళ్ళు పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో. మాధవాయపాలెం పేరు వాళ్ళ నోట్లో 'మదపోలం' అయింది, ఫ్రెంచిలో ఇప్పటికీ ఒక రకం నూలుబట్టని ఆ పేరుతోనే పిలుస్తారు. మన ఊరి పేరు వాళ్ళ నిఘంటువులో ఉంది, మన పాఠ్యపుస్తకంలో లేదు.

బొబ్బిలి యుద్ధం సినిమా చూసిన వాళ్ళందరికీ బుస్సీ దొర తెలుసు. 1757 జనవరిలో బొబ్బిలి. అదే ఏడాది బుస్సీ ఇంజరం, మాధవాయపాలెం, బండమూర్లంకల్లోని ఇంగ్లీషు కొట్లు పట్టుకుని విశాఖపట్నం కూడా లాక్కున్నాడు. అంటే కోనసీమ మీద కూడా కొద్దికాలం ఫ్రెంచి జెండా నీడ పడింది. ఎంతోకాలం నిలవలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫోర్డు చేతిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువాళ్ళవైపు జారిపోయాయి. 1763 పారిస్ సంధిలో యానాం మాత్రం వెనక్కిచ్చారు. ఆ తరవాత యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు వచ్చి యానాం తీసుకోవడం, సంధి కాగానే తిరిగివ్వడం. చివరిసారి 1816 తరవాత తిరిగిచ్చాక ఇక కదిలించలేదు. చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, మధ్యలో ఒక ఫ్రెంచి లంక. యానాంలో బుస్సీ పేరుతో ఒక వీధి ఉంది. బొబ్బిలి వాళ్ళు చూస్తే ఏమంటారో!

ఇంకో పేరు కూడా చెప్పాలి. పియర్ సొనరా. 1790 ప్రాంతాల్లో యానాంకి పెద్ద అధికారి. అసలు వృత్తి ప్రకృతి శాస్త్రం, ఇండియా చైనా యాత్రల మీద పెద్ద పుస్తకం రాశాడు. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి శాస్త్రీయ నామంలో ఉన్నది ఇతని పేరే. కోడిపందేల గడ్డకి వచ్చిపడ్డ దొరకి కోడే పేరు నిలబెట్టడం బాగానే ఉంది.

ఇవన్నీ దొరల సంగతులు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. ఏటికి ఇటువైపు మామూలు జనానికి ఆ పట్నం దేనికి పనికొచ్చింది? మనలాగా చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు. ఇక్కడ చెయ్యకూడని పని ఏదో అక్కడ చెయ్యొచ్చు కాబట్టి వెళ్ళారు. సరిహద్దు అంటే అదే. భూమిలో తేడా ఉండదు, నీళ్ళలో తేడా ఉండదు, ఒకచోట ఎర్రర్ ఇచ్చే కోడు రెండు కిలోమీటర్ల అవతల రన్ అవుతుంది.

మొదట మనుషుల రవాణా. 1828లో యానాం నుంచి 'లా టుర్క్వాజ్' అనే ఓడలో 15 మంది కూలీలు హిందూమహాసముద్రంలోని బుర్బన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి వెళ్ళారు. ఒప్పందం రాసుకుని ఆ దీవికి వెళ్ళిన తొలి భారతీయ కూలీల్లో వాళ్ళున్నారు. అప్పటికింకా ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దు కాలేదు, అది 1848లో. చెరకుతోటల్లో బానిసల పక్కనే ఈ 'ఒప్పంద' కూలీలు. తరవాత ఏళ్ళలో వేలమంది వెళ్ళారు. తెలుగువాళ్ళు, తమిళులు అందరూ అక్కడి నోళ్ళలో 'మలబార్'లైపోయారు, మలబారు మొహం చూడకపోయినా. బర్మా వెళ్ళిన మనవాళ్ళనేమో ఎక్కిన రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు. ఎక్కిన రేవే ఇంటిపేరైపోవడం. కాంట్రాక్టు, ఏజెంటు, అడ్వాన్సు, బాండు... మన ఫీల్డులో ఈ మాటలన్నీ ఉన్నాయి కాబట్టి ఇక్కడో జోకు వెయ్యొచ్చు. వెయ్యను. ఆ ఓడల్లో వెళ్ళినవాళ్ళకి రిటర్న్ టికెట్ చేతిలో ఉండేది కాదు.

మంచివైపు కూడా చెప్పాలి కదా. 1871 నుంచి ఫ్రెంచి ఇండియాలో మగవాళ్ళందరికీ ఓటుంది. పారిస్ పార్లమెంటుకి ఒక డెప్యూటీని పంపేవారు. 1880లో మునిసిపాలిటీలు పెట్టారు, యానాం ఒకటి. అదే సమయంలో ఏటికి ఇటుపక్క మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మావాళ్ళు ఓటు మొహం చూడలేదు. ఆస్తిపన్నుతో పనిలేకుండా కోనసీమలో అందరూ ఓటేసింది 1952 ఎన్నికల్లోనే. ఎనభై ఏళ్ళ తేడా! అయితే మరీ మురిసిపోనక్కర్లేదు. తెల్లవాళ్ళకో ఓటర్ల జాబితా, మనవాళ్ళకో జాబితా పెట్టి బలం వాళ్ళవైపు ఉండేలా చూసుకున్నారు. పాండిచ్చేరి ఎన్నికలంటే కర్రలు, రిగ్గింగులు అని ఆ రోజుల్లోనే పేరుపడింది. 1881లో ఇంకో వింత చట్టం వచ్చింది. తన కులాచారాన్ని, హిందూ ధర్మశాస్త్రాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టి కొత్త ఇంటిపేరు తీసుకున్నవాడికి ఫ్రెంచి పౌరస్మృతి వర్తిస్తుంది. సంతకం పెట్టనివాడికి పాత ఆచారమే చట్టం. ఎందుకంటే 1819లోనే ఫ్రెంచి ప్రభుత్వం మాటిచ్చింది, మీ పెళ్ళిళ్ళు, వారసత్వాలు మీ ఆచారం ప్రకారమే తీర్పు చెబుతాం, మేం వేలు పెట్టం అని.

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మురమళ్ళ దగ్గర ఆపిన సంగతికి వస్తున్నాను.

యానాంకి కల్యాణపురం అని ఇంకో పేరుంది. వినడానికి ఎంత బావుందో. దేవుడి కల్యాణం ఏదో జరిగి ఉంటుందనిపిస్తుంది. అసలు సంగతి శారదా చట్టం. హరబిలాస్ శారదా పెట్టిన బిల్లు 1929లో చట్టమై 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. నెల రోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. చట్టం వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఏప్రిల్ ఒకటి లోపు దేశమంతా పిల్లల పెళ్ళిళ్ళు తెగ చేసేశారు. డెడ్‌లైను దాటిపోయినవాళ్ళు ఏం చేస్తారు? కోనసీమ, కాకినాడ వైపు వాళ్ళకి ఏటి అవతల ఫ్రాన్సుంది. పొద్దున్నే పడవ దాటి, యానాంలో తాళి కట్టించి, భోజనాలు పెట్టి, రాత్రికో మర్నాటికో వెనక్కి. శుద్ధమైన వర్కరౌండ్.

ఇదేదో ఫ్రెంచివాళ్ళ స్వేచ్ఛ వల్ల జరిగిందని కొందరు రాస్తుంటారు. అది సగం నిజం కూడా కాదు. ఫ్రాన్సులో అప్పటికి నూటపాతికేళ్ళుగా, నెపోలియన్ పౌరస్మృతి వచ్చిన 1804 నుంచి, ఆడపిల్లకి పెళ్ళి వయసు పదిహేను. శారదా చట్టం కన్నా ఒక ఏడాది ఎక్కువే! పారిస్‌లో చెయ్యకూడని పెళ్ళి యానాంలో చెయ్యొచ్చు, ఎందుకంటే యానాంలో ఆ పిల్ల 'ఆచారం' కిందకి వస్తుంది. తమ పిల్లలకి ఒక వయసు, మన పిల్లలకి మన శాస్త్రం. గౌరవం పేరుతో వదిలెయ్యడం. ఇంగ్లీషు ప్రభుత్వం మాత్రం ఏమన్నా తక్కువ తిన్నదా? చట్టమైతే చేసింది గానీ, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే కోర్టు కదులుతుంది, ఫిర్యాదు చేసినవాణ్ణే వంద రూపాయల దాకా పూచీకత్తు అడగొచ్చు, జరిగిన పెళ్ళి మాత్రం చెల్లుతుంది. దేశం బయట జరిగిన పెళ్ళిళ్ళకి కూడా వర్తించేలా 1938లో సవరణ చేశారు. ఎనిమిదేళ్ళకి ప్యాచ్ వచ్చిందన్నమాట. ఈలోగా ఎన్ని పడవలు దాటాయో లెక్కెవరూ పెట్టలేదు.

ఆ పడవల్లో ఒకదాంట్లో మా తాతమ్మ ఉంది. మా నాన్నగారి నాయనమ్మ. 1931, ఎండాకాలం. ఆవిడకి ఎనిమిదేళ్ళు, మా ముత్తాతకి పద్నాలుగు. అంబాజీపేట అవతల మా ఊరి నుంచి బళ్ళ మీద బయల్దేరి, రేవులో పడవెక్కారట. నా చిన్నప్పుడు ఆవిడ ఉండేది, 1996లో పోయింది. మా ఇంట్లో ఇదొక పాత పరిహాసం. "మనింట్లో మొట్టమొదట ఫారిన్ వెళ్ళింది తాతమ్మే, ఫ్రాన్సులో పెళ్ళి చేసుకుంది" అని మా బాబాయిలు ఆటపట్టించేవారు, ఆవిడా బోసినోటితో నవ్వేది. నేను ఇంజినీరింగులో చేరే ముందు ఓ రోజు ఊరికే అడిగాను, "ఏమేం చూశావు తాతమ్మా యానాంలో?" అని. "ఏం చూశాన్రా, నిద్రొచ్చింది. మా నాన్న భుజం మీద ఏసుకుని దాటించాడు. లేపి కూచోబెట్టారు, కట్టారు, మళ్ళీ పడుకున్నాను. పీట చల్లగా ఉంది, అదొక్కటి గుర్తు." కాసేపాగి ఇంకోటి చెప్పింది. రేవులో ఇంకో రెండు పెళ్ళిళ్ళ వాళ్ళు కూడా ఉన్నారట. అందులో ఒక పిల్ల మావైపు పిల్లే, ఈవిడకన్నా చిన్నది. ఆ పిల్లవాడు రెండేళ్ళకి విషజ్వరంతో పోయాడు. "దాన్నింక మళ్ళీ బయట చూళ్ళేదు" అంది. ఆ పిల్ల పేరు అడగలేదు నేను. అడిగినా ఇక్కడ రాసేవాణ్ణి కాదు.

ఇక్కడో సంగతి గమనించండి. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. అదే గోదావరి, అదే నీళ్ళు. యాభై ఏళ్ళ తరవాత కాస్త దిగువన రేవులో మళ్ళీ వితంతువులు కాబోయే పిల్లల్ని పడవలెక్కిస్తున్నారు. సంస్కరణ ఎగువ నుంచి దిగువకి దానంతటదే పారదు కాబోలు.

టవరు దగ్గర మేనకోడలు ఐస్‌క్రీం అడిగింది. కొనిచ్చాను. కల్యాణపురం అన్న పేరు అక్కడక్కడ వినిపించింది, మంచి పేరులాగే వినిపించింది. బుస్సీకి వీధి ఉంది, చందమామ కథల్లోలాంటి ఏనుగులున్నాయి, వంద మీటర్ల టవరుంది. ఆ పిల్లల గురించి నేను తిరిగిన చోటల్లా చూశాను, ఒక్క ముక్క రాసి లేదు. పెట్టమంటే ఎవరు పెడతారు? సిగ్గుపడాల్సింది యానాం కాదు, అవతలి గట్టున ఉన్న మా ఊళ్ళు. బోర్డు పెట్టాలంటే నిజానికి ఎదుర్లంక రేవులో పెట్టాలి.

రేవుకి ఇంకో వాడకం మందు. ఇది అందరికీ తెలిసిందే గానీ ఎంత పాతదో తెలీదు. మద్రాసు రాష్ట్రమంతటా 1948 నాటికి మద్యనిషేధం వచ్చేసింది. 1949లో ఇండియా ఫ్రెంచి స్థావరాలతో కస్టమ్స్ ఒప్పందం రద్దు చేసుకుంది, రేవుల్లో తనిఖీలు మొదలయ్యాయి. యానాం మంగళవారం సంతకి అంతకుముందు నుంచే పేరు, విదేశీ సరుకు దొరికేదక్కడ. కేసు పడే సరుకు ఏదైనా ఏటి అవతల మామూలు సరుకే.

1954కి వచ్చేసరికి పరిస్థితి ముదిరింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంలో అధికారం చేజిక్కించుకున్నారు. దడాల యానాంలో పుట్టినవాడే. అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది విలీనం వైపు, 8 మంది వద్దని. నవంబరు 1న అధికారం బదిలీ. తమాషా ఏంటంటే, సరిగ్గా అయిదు రోజులకి, నవంబరు 6న, కర్నూలులో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కారణం మద్యనిషేధం గొడవ! యానాం ఇండియాలో కలిసిన వారంలోనే ఆంధ్ర రాష్ట్రం మందు మీద పడిపోయింది. చరిత్రకి ఇలాంటి హాస్యం ఎక్కడ్నుంచి వస్తుందో.

ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం రావడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది, అల్జీరియా గొడవ తేలేదాకా వాళ్ళు దీని జోలికి రాలేదు. ప్రొడక్షన్‌లో ఎనిమిదేళ్ళు నడిచాక సైన్-ఆఫ్ వచ్చిన ప్రాజెక్టు. 1956 ఒప్పందంలోనే ఒక మాట రాసుకున్నారు, ఈ స్థావరాల ప్రత్యేక ప్రతిపత్తి మార్చాలంటే ముందు అక్కడి జనం అభిప్రాయం తెలుసుకోవాలి అని. అందుకే యానాం ఆంధ్రలో కలవలేదు, దేశపు గీత పోయి రాష్ట్రపు గీత మిగిలింది. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు ఆ గీత మళ్ళీ బతికింది. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, పంటు మీద వచ్చేవాళ్ళ నడక చూసి ఎక్కడ్నుంచి వస్తున్నారో చెప్పేసేవాళ్ళం.

యానాంని కేవలం ఇలాగే చూపించడం అన్యాయం అనేవాళ్ళున్నారు. నిజమే. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారి బాల్యం గడిచింది ఇక్కడే. తెలుగు కథలు, కవిత్వం ఈ చిన్న ఊరు దాని సైజుకి మించే ఇచ్చింది. ఇన్నేళ్ళు ఫ్రెంచి పాలనలో ఉండి తెలుగు పోగొట్టుకోలేదు, ఇప్పుడు మనం నాలుగేళ్ళు ఆన్‌సైట్‌లో ఉంటే పిల్లలకి తెలుగు రావడంలేదు. కానీ ఊరి మంచి గురించి ఊరివాళ్ళే బాగా రాస్తారు. అవతలి గట్టువాణ్ణి నేను, మా గట్టు నుంచి ఆ ఊరికి ఏం తీసుకెళ్ళామో, ఏం తెచ్చుకున్నామో నేనే చెప్పాలి.

సాయంత్రం గట్టు మీద చేపలమ్మే చోటికి వెళ్ళాం. ఎర్రనీళ్ళ కాలం, పులసల కాలం. పుస్తెలమ్ముకునైనా పులస తినాలని సామెత. ధర విన్నాక మా చెల్లెలు మెళ్ళో గొలుసు సర్దుకుంది. బావ బేరమాడి ఒకటి తీసుకున్నాడు, ఐసు వేయించి డిక్కీలో పెట్టాడు. అప్పటికే మేనకోడలు వెనక సీట్లో తల్లి ఒళ్ళో నిద్రపోయింది.

వారధి దిగాక ఇవతల గట్టున పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. మందు తనిఖీ. కుర్ర కానిస్టేబులు టార్చి వేసి డిక్కీ తెరవమన్నాడు.

"ఏంటండీ ఇది?"

"పులసండి."

ఐసు తప్పించి చూశాడు, వాసన చూశాడు, నమ్మకం కుదిరినట్టుంది.

"ఎంతకిచ్చారు?"

బావ చెప్పాడు. కానిస్టేబులు టార్చి ఆర్పేసి, "మందే చవకండి" అన్నాడు, చెయ్యి ఊపి పొమ్మన్నాడు.